సొరకాయ ముచ్చికలో సూది

మా లైనులో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం నా వల్లే మొదలైంది. గొప్పకు చెప్పడం లేదు. తర్వాత జరిగింది చెప్పాలంటే ముందుగా ఇది ఒప్పుకోవాలి.

నేను గుంటూరులో, వీధిని లైను అనే బ్రాడీపేటలో, ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. రాలిన ఆకు మట్టిలో కలిసి మళ్లీ ఆకుగా రావడం గురించి ఇరవై ఏళ్లకు పైగా బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పాను. మా లైనుకు చెత్తబండి తోసుకొచ్చే ఆమె ఒకరోజు గేటు దగ్గర ఆగింది. "మేడమ్ గారూ, ఇకనుంచి కూర తొక్కలవీ ఒక బకెట్లో, కవర్లూ సీసాలూ ఇంకో బకెట్లో వెయ్యమంటున్నారండి మునిసిపాలిటీ వాళ్లు. నేను చెబితే ఎవరూ వినట్లేదు. మీరు కాస్త చెప్పండి" అంది. నాకు భలే ఉత్సాహం వచ్చింది. ఆ ఆదివారం కొంగు బిగించి ఇంటింటికీ వెళ్లాను. విననివాళ్ల గేటు దగ్గర రెండోసారి, మూడోసారి నిలబడ్డాను.

ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయేమో. సన్నటి మనిషి. అంతకుముందు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసేదట. "అక్కడ చేతులు మండేయండి. ఇక్కడ వాసన. మంట కంటే వాసన నయం" అని నవ్వేది. భర్త మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. ఏడో తరగతి చదివే కూతురు ఉంది. ఆమె మొదటిరోజే ఒక జాగ్రత్త చెప్పింది. "బ్లేడ్లూ, పగిలిన గాజూ, ఇంజక్షను సూదులూ మాత్రం ఏ బకెట్లోనూ వెయ్యొద్దండి. ఒక డబ్బాలో పెట్టి నా చేతికివ్వండి. వాటిని వేరేగా పంపిస్తాం." ఆ మాటను కూడా నేనే ఇంటింటికీ మోశాను.

ఊరి చివర ఉన్న ఎరువు షెడ్డుకు ఒకసారి మా కాలేజీ పిల్లల్ని తీసుకెళ్లాను. పైన రేకుల కప్పు, కింద సిమెంటు గచ్చు. బండ్లు తెచ్చిన తడి చెత్తను గచ్చు మీద గుమ్మరిస్తే, ఆ బండ్లు తోసే ఆడవాళ్లే చుట్టూ కూర్చుని అందులోకి తప్పి వచ్చిన కవర్లనూ షాంపూ పొట్లాలనూ ఏరేస్తారు. మిగిలినదాన్ని తరిగిన పత్తికట్టెతో కలిపి, పేడనీళ్లు చల్లి, నడుమెత్తు కుప్పలు పోస్తారు. వారం వారం తిరగేస్తారు. కుప్పలో చెయ్యి పెడితే లోపల ఉడుకుతూ ఉంటుంది. నెలన్నర దాటాక జల్లెడ పడితే, టీపొడిలా నల్లటి ఎరువు దిగుతుంది. మన వంటింటి తొక్కలు అలా అయ్యాయంటే పిల్లలు నమ్మలేదు. వాసన చూడమని గుప్పెడు చేతుల్లో పోశాను.

ప్రత్తిపాడు దగ్గర మిరప వేసే మా తమ్ముడికి ఫోన్ చేసి ట్రాక్టరు పంపించమన్నాను. "గుంటూరోళ్లు తిని పారేసింది తెచ్చి నా చేలో పోసుకోవాలా అక్కా?" అన్నాడు. అన్నవాడే ఒక ఎకరంలో వేసి చూసి, మరుసటి ఏటి నుంచి తనే అడిగి పట్టుకెళ్తున్నాడు. వానలు వెనకబడినా ఆ ఎకరంలో పదును నిలిచిందన్నాడు. మా లైను గురించి ఒక సమావేశంలో నా చేత మాట్లాడించారు. చప్పట్లు కొట్టారు. బండి తోసే ఆమె చివరి వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా కొట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు డాక్టరు నాకు ఇన్సులిన్ రాశారు.

నాకు షుగరు అంతకు ఎన్నో ఏళ్ల ముందే వచ్చింది. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. స్టాఫ్ రూములో మొలకెత్తిన పెసలు పంచేది నేను. పొద్దున్నే నడవమని అందరి వెంటా పడేది నేను. మా పక్కింటావిడ తన భర్తకు షుగరని చెప్పుకుని బాధపడితే, "కదలకుండా కూర్చుని తింటే రాదూ మరి?" అని మొహం మీదే అన్నాను. అలాంటిదాన్ని రోజుకు రెండుసార్లు పొట్టలో సూది పొడుచుకుంటున్నానని ఎలా చెప్పను? మందుల కొట్టు మా లైను చివరే ఉన్నా ఆటో ఎక్కి కొత్తపేట పోయి సిరంజిలు తెచ్చుకునేదాన్ని.

వాడిన సిరంజిలను మొదట్లో పాత కాఫీపొడి డబ్బాలో వేశాను. డబ్బా నిండింది. ఆమె చేతికివ్వాలి. ఇస్తే నడివీధిలో మూత తీసి, "షుగరు సూదులా మేడమ్ గారూ?" అంటుందేమో. అది ఊహించుకుంటేనే ఒళ్లు ముడుచుకుపోయేది. పొడి చెత్తనైతే ఆమె అక్కడికక్కడ కెలికి చూస్తుంది. తడి చెత్తను చూడదు, అలాగే బండిలో ఒంపేస్తుంది. అందుకని సిరంజికి దాని నారింజరంగు మూత బిగించి, కాగితంలో చుట్టి, తడి బకెట్ అడుగున పెట్టి, పైన కూర తొక్కలు పోయడం మొదలుపెట్టాను. రెండేళ్లు అలాగే చేశాను. మూత పెట్టాను కదా, ఎవరికేం అవుతుంది అనుకునేదాన్ని.

ఆ సోమవారం పొద్దున్నే నాకు క్లాసు. ఇంజక్షను చేసుకుంటుంటే మూత చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లిపోయింది. వంగి వెతికితే కనపడలేదు. బయట బండి ఈల వినపడుతోంది. వంటింటి గట్టు మీద సొరకాయ తొక్కలున్నాయి. తొడిమ దగ్గర కోసి పక్కన పెట్టిన ముచ్చిక ఉంది. సూదిని ఆ ముచ్చికలోకి గుచ్చేశాను. బాగానే దిగింది. ఇదీ మూత లాంటిదే కదా అనిపించింది. తెలివైన పని చేశానని కూడా అనిపించిందేమో, ఇప్పుడు గుర్తులేదు. దాన్ని తొక్కలతో పాటు బకెట్లో వేసి, హడావుడిలో ఖాళీ పాలకవరు కూడా అందులోనే పడేసి, ఆమెకు అందించాను. "క్లాసుకు టైమైపోతన్నట్టుందే మేడమ్ గారూ, వెళ్లండి, బకెట్ గేటు లోపల పెడతాలే" అంది.

మర్నాడు ఆమె బండి తోసుకుని రాలేదు. బండి వేరొకామె తోస్తోంది. ఈమె వెనకాల ప్రతి గేటు దగ్గరా ఆగుతూ వస్తోంది. మా గేటు దగ్గరికి వచ్చేసరికి ముఖం పీక్కుపోయి ఉంది.

"మేడమ్ గారూ, మీ ఇంట్లో ఎవరైనా షుగరు ఇంజక్షన్లు చేసుకుంటారాండి?"

"లేదమ్మా" అన్నాను. అన్న తర్వాతే "ఏమైంది?" అని అడిగాను.

"నిన్న షెడ్డులో మన లైను చెత్త ఏరుతున్నానండి. సొరకాయ ముచ్చికకు పాలకవరు అతుక్కుని ఉంటే లాగాను. అందులోంచి సూది బయటపడింది. చేతి తొడుగులోంచి వేలికి దిగిపోయింది. రక్తం వచ్చేసింది." చూపుడువేలు చూపించింది. చిన్న చుక్క, అంతే. "పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఆ సూది ఎవరిదో తెలిస్తే వాళ్ల రక్తం పరీక్ష చేస్తారంటండి. వాళ్లకేమీ లేదంటే నాకు మందులు అక్కర్లేదంట. తెలీకపోతే నెలరోజులు బిళ్లలు మింగాలి, ఆ తర్వాత కూడా మూడు నెలల దాకా పరీక్షలు చేయించుకోవాలి అన్నారు. ఎయిడ్సూ, కామెర్లూ, అవేవో వస్తాయేమోనని. ఎవర్నీ తిట్టడానికి కాదండి నేనడిగేది. రక్తం కోసం."

పక్కింటావిడ తన గేటు పట్టుకుని వింటోంది. ఎదురింటి వాకిట్లో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆ వారం కూరగాయల బండి నిండా సొరకాయలు వస్తే లైనంతా అవే కొన్నారు. సొరకాయను బట్టి ఎవరూ పట్టుకోలేరు. ఆ లెక్క నా బుర్రలో ఒక్క క్షణంలో తేలిపోయింది.

"మా ఇంట్లో అలాంటివి లేవమ్మా. నీకు తెలీదా, నేనెంత జాగ్రత్తగా వేరుచేస్తానో" అన్నాను.

"మీ సంగతి నాకు తెలీదా మేడమ్ గారూ. అందర్నీ అడుగుతున్నాను కాబట్టి అడిగాను. ఏమనుకోకండి." తనే క్షమాపణ చెప్పి పక్క గేటుకు వెళ్లింది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. "ముందు నువ్వు పరీక్ష చేయించుకో" అన్నారు. మర్నాడు కాలేజీ నుంచి నేరుగా లక్ష్మీపురంలోని ఒక ల్యాబుకు వెళ్లి రక్తం ఇచ్చాను. సాయంత్రానికి కాగితం వచ్చింది. ఆమె చెప్పిన జబ్బుల్లో ఒక్కటీ నాకు లేదు.

"ఇంకేం, ఆమెకేమీ కాదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం? అనవసరంగా అల్లరి" అన్నారు మా ఆయన. తప్పు ఆయన మీదకు నెట్టలేను. "చెప్పమంటారా?" అని నేను అడిగిన తీరులోనే వద్దనమని ఉంది. ఆయన అది కనిపెట్టి నాకు కావలసిన మాటే అన్నారు.

ఆ కాగితాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగు లోపలి అరలో పెట్టుకున్నాను. ఆమెకు ఏ ప్రమాదమూ లేదని లోకంలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఆమె లేదు.

ఆమె బిళ్లలు మింగడం మొదలుపెట్టింది. మూడు రోజులు సెలవు పెట్టి మళ్లీ పనిలోకి వచ్చింది. ఒకరోజు మా గేటు పక్కన మురుగుకాలువ దగ్గర వంగి వాంతి చేసుకుంటుంటే చూశాను. నీళ్లు తీసుకెళ్లాను. "బిళ్ల పడితే చాలండి, కడుపులో ఒకటే తిప్పుద్ది. అన్నం వాసన పడట్లేదు" అంది. ఆ రోజు నుంచి ఆమె వచ్చే వేళకు మజ్జిగలో నిమ్మకాయ పిండి, గ్లాసుతో గేటు దగ్గర నిలబడేదాన్ని. ఆమె అరుగు మీద కూర్చుని తాగేది. "లైనులో ఇంతమంది ఉన్నారు, ఎట్లా ఉందని అడిగేది మీరొక్కరేనండి" అని ఒకసారి అంది. నేను లోపలికి వచ్చి, కుళాయి తిప్పి, ఆ గ్లాసును ఎంతసేపు కడిగానో నాకే తెలీదు.

లైనులో అనుమానం ఒక పెద్దాయన మీదకు పోయింది. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటారు, పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. మేమంతా బాబాయిగారు అంటాం. ఆయనకు ఇన్సులిన్ ఉందని అందరికీ తెలుసు. ఎందుకంటే ఆయన ఎప్పుడూ దాచలేదు. నెలకోసారి సూదుల డబ్బాకు మూత బిగించి, పైన టేపు చుట్టి, ఆమె చేతికి ఇచ్చేది ఆ లైను మొత్తానికి ఆయనొక్కరే. చెప్పినట్టు చేసిన మనిషే దొరికాడు అందరికీ. "పెద్దవయసు కదా, మర్చిపోయి వేసుంటాడు" అనుకున్నారు. నా ముందే అనుకున్నారు. "అయ్యుండొచ్చు" అని నేననలేదు. కాదని కూడా అనలేదు.

ఆయన తనంతట తనే వెళ్లి పరీక్ష చేయించుకుని, ఆ కాగితం ఆమెకిచ్చారు. ఆమె ఆయన్ను ఒక్కమాట అనలేదు. "తాతగారిది కాదండి. ఆయన సూదులకు ఎప్పుడూ మూతలుంటాయి" అని నాతో చెప్పింది. ఆయన సూది కాదని నమ్మకం కాబట్టి ఆ కాగితం ఆమెకు ధైర్యం ఇవ్వలేకపోయింది. బిళ్లలు అలాగే మింగింది. నెల గడిచింది.

బిళ్లలు అయిపోయిన వారానికనుకుంటాను, ఒకరోజు మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చుంది.

"ఇంకేమమ్మా, బిళ్లలు అయిపోయాయిగా?"

"అయిపోయాయండి. పరీక్షలున్నాయిగా ఇంకా." గ్లాసును అరచేతుల మధ్య తిప్పుతూ అంది, "నిన్న పిల్లను కొట్టానండి. నా కంచంలో చెయ్యి పెట్టింది. ఎప్పుడూ పెట్టేదే. నాకేమన్నా ఉంటే దానికి అంటుద్దేమోనని భయమేసి చెయ్యి మీద కొట్టాను. అది ఏడుస్తా అన్నం తినకుండా పడుకుంది."

కంచంలో తింటే ఏమీ అంటుకోదమ్మా అనబోయాను. ఆమె ఆగలేదు.

"మా ఆయన బయట పడుకుంటన్నాడండి. నీకు సూదే గుచ్చుకుందో, ఇంకేమన్నా జరిగిందో ఎవరికి తెలుసు అంటన్నాడు. పదిహేనేళ్ల కాపురం మేడమ్ గారూ. ఆ సూది వేసినోళ్లు ఎవరో గానీ, వచ్చి ఒక్క మాట చెబితే సరిపోయేది. నేనేమన్నా కొడతానా, కేసు పెడతానా?"

నేను లోపలికి వెళ్లి కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"ఏంటండిది?"

"నా రక్తపరీక్ష. నాకే జబ్బూ లేదు. నీకూ ఏమీ రాదు. ఆ సూది నాదే."

ఆమెకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. కాగితాన్ని పైనుంచి కిందికి చూసి, తేదీ మీద వేలు పెట్టింది. సూది గుచ్చుకున్న వేలే అది.

"ఇది... నేను మిమ్మల్ని అడిగిన మర్నాడా?"

"అవును."

"అప్పట్నుంచీ తెలుసు మీకు."

తల ఊపాను.

"నేనిక్కడ కక్కుకుంటుంటే మజ్జిగ పోశారు."

అది అరిచి అనలేదు. అరిచినా బాగుండేది. గ్లాసును అరుగు మీద పెట్టింది. అందులో మజ్జిగ అలాగే ఉంది. నేను ఏడుస్తూ ఏదో అన్నాను. సిగ్గుపడ్డానని, భయపడ్డానని, క్షమించమని.

"ఏడవకండి. మీరేడిస్తే నేనే ఓదార్చాల్సి వస్తది" అంది. "సాయంత్రం మా ఇంటికి రండి. మా ఆయనకు మీ నోటితో చెప్పండి. నేను చెబితే నమ్మడు. ఈ కాగితం నా దగ్గరుంటది."

సాయంత్రం మా ఆయన కూడా వస్తానన్నారు. వద్దని ఒక్కదాన్నే ఆటోలో వెళ్లాను. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పంచ. ఆమె భర్త అప్పుడే యార్డు నుంచి వచ్చినట్టున్నాడు. ఒంటి మీదున్న మిరప ఘాటుకు నాకు తుమ్ములు వచ్చాయి. కుర్చీ తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఆ సూది నాదని, నాకు షుగరని, ఆ రోజు అడిగితే అబద్ధం ఆడానని, నాకు వేరే ఏ జబ్బూ లేదని మర్నాటికే తెలిసినా నోరు మూసుకున్నానని. కాలేజీలో పాఠం చెప్పినట్టు వరసగా చెప్పాను. వేరే విధంగా చెప్పడం చేతకాలేదు.

అతను అంతా విని, "మీరు టీచరు కదండీ?" అన్నాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న వాళ్లమ్మాయి అడిగింది. "అయితే మా అమ్మకేం కాదాండీ?"

"కాదమ్మా."

"నిజంగా?"

"నిజంగా" అన్నాను. నా మాట నిజమని ఆ పిల్ల ఎందుకు నమ్మాలో నాకే అర్థం కాలేదు. ఆ పిల్ల వెళ్లి తల్లి నడుం పట్టుకుని భోరున ఏడ్చింది. అతను తల వంచుకుని బయటికి వెళ్లాడు.

నేను వస్తుంటే ఆమె రోడ్డు దాకా వచ్చింది. "క్షమించమని ఇంక అడక్కండి మేడమ్ గారూ. నాకు ఆ మాట రావట్లేదు. ఒకరోజు షెడ్డుకు వచ్చి మాతో కూర్చోండి. చాలు. తాతగారికి మాత్రం రేపే చెప్పండి."

మర్నాడు బాబాయిగారి ఇంటికి వెళ్లాను. ఆయన విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా డబ్బాలో సూదులు రెండుసార్లు లెక్కపెట్టుకున్నానమ్మాయ్. నేనే మర్చిపోయానేమోనని నా మీద నాకే అనుమానం వచ్చింది. ఈ వయసులో వెళ్లి ఆ పరీక్ష చేయమని అడిగితే, అక్కడి పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. మా కోడలు ఏమనుకుందో ఇప్పటికీ తెలీదు." తర్వాత, "సరే, చెప్పావుగా" అన్నారు. ఆ మాటలో ఊరట ఉందో, ఇక వెళ్లమని ఉందో తెలుసుకునే ధైర్యం లేక వచ్చేశాను.

ఆ ఆదివారం పొద్దున షెడ్డుకు వెళ్లాను. నాకు చేతి తొడుగులు ఇచ్చారు. ఆమె పక్కన చోటు చూపించింది. మిగతా ఆడవాళ్లకు సంగతి తెలిసిపోయిందని వాళ్లు మాటలు ఆపేసిన తీరును బట్టి అర్థమైంది. పిల్లల్ని తీసుకొచ్చినప్పుడు ఇదే గచ్చు మీద నిలబడి గంట ఉపన్యాసం ఇచ్చాను. కూర్చుని చూస్తే వేరుగా ఉంది. పైనుంచి చూసినప్పుడు అది తడి చెత్త. కూర్చుంటే ప్రతి ముద్ద మీదా ముందు కన్ను పెట్టాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి. అన్నం, ఉల్లి పొట్టు, పసిపిల్లల డైపరు, పగిలిన గాజుముక్క, సగం బ్లేడు. రెండు గంటలకే నా నడుం పట్టేసింది. వాళ్లు మధ్యాహ్నం దాకా చేస్తారు.

ఒకచోట తడిసిన కాగితం చుట్ట దొరికింది. విప్పితే నారింజరంగు మూత ఉన్న సిరంజి. అది నాది కాదు. ఆ సోమవారం తర్వాత నేనొక్కటీ వేయలేదు. అయినా "నాది కాదు" అని నోరు తెరిచి చెప్పలేకపోయాను. ఆమె దాన్ని నా చేతిలోంచి తీసుకుని, పక్కనున్న డబ్బాలో పడేసి, మళ్లీ పనిలో పడింది.

అవతల జల్లెడ పడుతున్నారు. నల్లటి ఎరువు కుప్పగా దిగుతోంది. ఏదో ఊరి ట్రాక్టరు ఆ కుప్పకు ట్రక్కును ఆనించి నిలబడి ఉంది. అప్పుడు తట్టింది నాకు. రెండేళ్లు. రోజుకు రెండు. అన్నీ వీళ్ల కంట పడ్డాయా? పడనివి ఎటు పోయాయి?

బయటికి వచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. ఎరువులో ఏమైనా కనపడ్డాయా అని అడిగాను.

"కవర్ల ముక్కలు వస్తాయక్కా, ఏరేస్తాం. ఇంకేం లేవు... ఆఁ, నారింజరంగువి పెన్ను మూతల్లాంటివి రెండో మూడో కనపడ్డాయి. ఏం?"

చెప్పాను.

"కాయ కోసేవాళ్లు చెప్పుల్లేకుండా దిగుతారక్కా చేలోకి" అన్నాడు.

ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లాను. ఇద్దరం ఆ ఎరువు వేసిన ఎకరమంతా సాలు సాలుకూ వంగి వెతికాం. ఎండుమిరప కోత నడుస్తోంది, చెట్లు ఎర్రగా ఉన్నాయి. ఒక మూత దొరికింది. సూది దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదు. తమ్ముడు కోతకు వచ్చే ఆడవాళ్లందరికీ ప్లాస్టిక్ బూట్లు తెచ్చాడు. "వీటితో సాళ్లల్లో నడవలేమయ్యా" అని వాళ్లు రెండు రోజులకే విప్పేశారు. ఆ కోత అయిపోయేదాకా పొద్దున ఫోన్ మోగితే తమ్ముడేమోనని ముందు పేరు చూసుకునేదాన్ని.

ఆమె మూడు నెలల పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆ కబురు నాకు ఆమె చెప్పలేదు, బాబాయిగారు చెప్పారు.

ఆ తర్వాత లైను వాళ్లను మా వరండాలోకి పిలిచి, జరిగింది మొత్తం అందరి ముందూ చెప్పాను. సూదులు వేయడానికి గట్టి మూత ఉన్న డబ్బా ఒకటి మా గోడకు బిగించాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. రెండు మూడు రోజుల్లో ఆ డబ్బాలో నావి కాని సూదులు కనపడ్డాయి. వారం తిరిగేసరికి పక్కింటావిడ కొంగు చాటున చిన్న సీసా తెచ్చి, "మా ఆయనవి" అని గొణిగి వేసి వెళ్లింది. ఆవిడను అప్పుడేమన్నానో గుర్తొచ్చి, కిటికీ పక్కకు తప్పుకున్నాను. ఆ రోజు ఆమె గేటు గేటూ తిరిగి అడిగినప్పుడు, లేదని చెప్పింది నేనొక్కదాన్నే కాదన్నమాట. అది తెలిసి నాకు కొంచెం తేలికనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ సిగ్గేసింది. వాళ్లు దాచారు. గుచ్చుకున్నది నాది.

ఆమె మా లైను నుంచి వేరే లైనుకు మారిపోయింది. తనే అడిగి మార్పించుకుందో, వాళ్లే మార్చారో నేను కనుక్కోలేదు. ఇప్పుడు మాకు వేరే ఆమె వస్తోంది.

మొన్న కూరగాయల మార్కెట్టు దగ్గర ఆమె ఎదురైంది. ఇంకొకామెతో కలిసి పనికి పోతున్నట్టుంది, ఇద్దరి భుజాలకూ సంచులున్నాయి. నేనే ముందు పలకరించాను.

"బాగున్నావా అమ్మా?"

"బాగున్నానండి. మీరు బాగున్నారా?" అంది. ముఖం కడిగిన నేలలా ఉంది. కోపం లేదు, ఇంకేమీ లేదు.

"పాప?"

"ఎనిమిదికొచ్చిందండి."

పక్కనున్నామె నన్నే చూస్తోంది. నేను రెండడుగులు వేశానో లేదో, వెనకనుంచి ఆ పక్కనున్నామె గొంతు వినపడింది.

"ఈవిడేనా?"

"ఆఁ, ఈవిడే."

వెనక్కి తిరగలేదు. కూరగాయల సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, ఆటో కోసం నిలబడ్డాను.